జానెడు స్టూలు, సింగపూర్ కల

ఒక మహానగరం ముందుకు పోకుండా అడ్డుపడేది ఏమిటని అడిగితే అవినీతి, వరదలు, ట్రాఫిక్ అని తెలిసీ తెలియనివాళ్లు చెబుతారు. వియత్నాంలోని హో చి మిన్ సిటీ అధికారులు అసలు శత్రువును ఎప్పుడో కనిపెట్టారు. మోకాలి ఎత్తయినా లేని ప్లాస్టిక్ స్టూలు. దానిమీద కూర్చుని మనుషులు కాఫీ తాగుతున్నంత కాలం ఏ ఊరూ సింగపూర్ కాలేదు.

ఇది నా కల్పన కాదు. నగరం నడిబొడ్డున ఉన్న ఒకటో జిల్లాను ‘చిన్న సింగపూర్’ చేస్తానని, ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించలేకపోతే పదవి వదులుకుంటానని 2017లో ఆ జిల్లా ఉపాధ్యక్షుడు ప్రతిజ్ఞ పూని మరీ రంగంలోకి దిగాడు. అదే ఏడాది రాజధాని హనోయ్‌కీ అదే పూనకం వచ్చింది. ముందుకు పొడుచుకొచ్చాయని ఇళ్ల మెట్లు పగలగొట్టారు. సొంత గుమ్మం ఎక్కడానికి జనం కుర్చీలు వేసుకున్నారు. ఉపాధ్యక్షుడు 2018 జనవరిలో రాజీనామా లేఖ ఇచ్చాడు. మన నాయకులు కంగారు పడనక్కరలేదు, అది అంటువ్యాధి కాదు. 2025 జులై 1న వియత్నాంలో జిల్లాల వ్యవస్థనే ఎత్తేశారు కాబట్టి, సింగపూర్ కావలసిన ఆ జిల్లా ఇప్పుడు మ్యాపులోనే లేదు.

ఈ సింగపూర్ జ్వరం మనకేమైనా కొత్తా? అమరావతికి బొమ్మ గీయించుకున్నది అక్కడివాళ్ల చేతనే. అది చాలక పాతబస్తీ ఇస్తాంబుల్ అవుతుందని కూడా విన్నాం.

కొన్నేళ్ల తర్వాత మళ్లీ హో చి మిన్ సిటీ వెళ్లాను కదా, శత్రువు ఏమయ్యాడో చూద్దామని పొద్దున్నే ఒక సందు మొగలో కూర్చున్నాను. గ్లాసు మీది రేకు ఫిల్టర్లోంచి డికాక్షన్ చుక్క చుక్కగా తీపి డబ్బాపాల మీద పడుతోంది. వీధి చివర ఎవరో ఏదో అరిచారు. అంతే. కాఫీ అమ్మే ఆవిడ స్టూళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి చంకన పెట్టుకుంది. పక్క బండి ఆమె ఫో అనే నూడుల్స్ సూపు గిన్నెనూ పొయ్యినీ లోపలికి లాగింది. గొడుగు ముడుచుకుంది. కన్నుమూసి తెరిచేలోగా సందు వాటన్నింటినీ మింగేసింది. మిగిలింది మేమే. టై కట్టుకున్న ఒకాయన వేడివేడి నూడుల్స్ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, ఆకాశంలో మబ్బులు లెక్కపెడుతున్నవాడిలా నిలబడ్డాడు. నా గ్లాసులో చుక్కలు పడుతూనే ఉన్నాయి. వార్డు లారీ మైకులో ఏదో చదువుకుంటూ మెల్లగా వచ్చింది. అందులోని అధికారి మమ్మల్ని తేరిపార చూశాడు. ఖాళీ ఫుట్‌పాత్ మీద కారణమేమీ లేకుండా గిన్నెలు పట్టుకుని నిలబడ్డ సభ్య పౌరులం. చట్టం తృప్తిపడి ముందుకు సాగింది. ఈలోగా, పాదచారుల కోసం ఖాళీ చేయించిన ఆ జాగాలోకి, సిగ్నల్ దగ్గర ఆగే ఓపిక లేని మోటారుసైకిళ్లు వరసగా ఎక్కాయి. మేము గోడకు అతుక్కుపోయాం. అవి పోయాక స్టూళ్లు తిరిగొచ్చాయి. ఎవరి స్టూలు వారికే వచ్చింది.

అన్నీ తిడితే పాపం. 2012లో పని మొదలుపెట్టిన మెట్రో 2024 డిసెంబరులో నిజంగానే కదిలింది. బెన్ థాన్ నుంచి సువోయ్ తియెన్ దాకా 19.7 కిలోమీటర్లు, చల్లగా, శుభ్రంగా ఉంది. 461 మీటర్ల ఆకాశహర్మ్యం ల్యాండ్‌మార్క్ 81 కూడా ఉంది. పైకెక్కితే స్టూళ్లు కనబడవు. బహుశా అందుకే కట్టి ఉంటారు.

నా ఒళ్లు మండింది ఒక మాల్‌లో. నేల కింది అంతస్తులో ‘పాత సైగాన్ వీధి’ వేశారు. సైగాన్ అంటే ఈ ఊరి పాత పేరే. పెచ్చులూడినట్టు రంగులేసిన గోడ, కరెంటు పారని తీగల చిక్కుముడి, ఎక్కడికీ వెళ్లని రిక్షా. వాటి మధ్య ఎర్ర ప్లాస్టిక్ స్టూళ్లు! కాఫీ ధర బయటికి మూడింతలు. ఎండలో ఉంటే ఆక్రమణ, ఏసీలో ఉంటే వారసత్వం.

గురువుగారైన సింగపూర్ ఏం చేసింది? 1970, 80లలో బండ్లవాళ్లను వీధుల్లోంచి తీసి, నీళ్లూ డ్రైనేజీ ఉన్న హాకర్ సెంటర్లు కట్టి వాటిలో కూర్చోబెట్టింది. 2020లో ఆ తిండి సంస్కృతికి యునెస్కో గుర్తింపు తెచ్చుకుంది. శిష్యులు ‘తీసి’ దగ్గరే పుస్తకం మూసేశారు.

స్టూలు గీత దాటిందన్న ఈ బాధంతా ఎవరిది? నది అవతల థూ థియెమ్‌లో కొత్త ఆర్థిక కేంద్రం కోసమని దాదాపు 15,000 కుటుంబాలను లేపేశారు. మా ఇళ్లు ప్రణాళిక గీతకు బయట ఉన్నాయి బాబూ అని జనం అర్జీలు పట్టుకుని హనోయ్ దాకా కాళ్లరిగేలా తిరిగారు. 4.3 హెక్టార్లు గీత బయటిదేనని ప్రభుత్వ తనిఖీ సంస్థ 2018లో తేల్చింది. ఇళ్లు నేలమట్టమయ్యాక తేల్చి ఎవరిని ఉద్ధరించడానికి? 2021 డిసెంబరులో అదే థూ థియెమ్‌లో ఒక ప్లాటు చదరపు మీటరు దాదాపు 240 కోట్ల డాంగ్‌లకు (వియత్నాం కరెన్సీ) వేలంలో పోయింది. పాడుకున్న కంపెనీ మరుసటి నెలే చేతులెత్తేసింది. కాఫీ అమ్మే ఆడమనిషి గీత దాటితే పావుగంటలో లారీ వస్తుంది. సర్కారే గీత దాటితే పదహారేళ్లకు నివేదిక వస్తుంది. సిగ్గు లేకపోతే సరి!

2024 నుంచి కొన్ని వీధుల్లో ఫుట్‌పాత్‌ను చదరపు మీటర్ల లెక్కన నెలవారీ రుసుముకు ఇస్తున్నారు. నడిచేవాళ్లకు మీటరున్నర వదలాలని నిబంధన. నేను కాఫీ తాగినచోట ఫుట్‌పాత్ మొత్తం వెడల్పే అంత. కాబట్టి ఆవిడకు రుసుము కట్టే యోగమూ లేదు, లారీ మాత్రం వేళకు వస్తుంది.