గర్భసంచి ముక్క పరీక్షకు లోకల్ ఎందుకు ఇవ్వరు?

పన్ను పీకాలంటే ముందు చిగురుకు సూది పడుతుంది. చెంప మొద్దుబారిందా అని రెండుసార్లు అడిగి గానీ డెంటిస్టు పట్టకారు పట్టరు. ఆ సూదిలోని ‘లోకల్’, అంటే ఆ చోటును మాత్రమే మొద్దుబార్చే లిగ్నోకెయిన్ అనే మందే గైనిక్ ఓపీలోనూ ఉంటుంది. కానీ గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసేటప్పుడు చాలాచోట్ల దాని జోలికే పోరు. ‘కొంచెం ఓర్చుకోమ్మా’ అంటూనే పని కానిచ్చేస్తారు. గట్టిగా అరిస్తే, ‘ఇద్దరు పిల్లల్ని కన్నదానివి, ఈ మాత్రానికేనా’ అని పక్కనున్న సిస్టర్ గదమాయింపు ఒకటి.

ఇంతకీ అక్కడ జరిగేదేమిటి? స్పెక్యులమ్ పెట్టి దారి తెరుస్తారు. గర్భాశయ ముఖద్వారం కదలకుండా అవసరమైతే టెనాక్యులమ్ అనే కొక్కేల పట్టకారుతో పట్టుకుంటారు. మూడు మిల్లీమీటర్ల మందమున్న పిపెల్ అనే ప్లాస్టిక్ గొట్టాన్ని లోపలికి పంపి, మధ్యలోని పుల్లను వెనక్కి లాగి, గుండ్రంగా తిప్పుతూ పొరను పీలుస్తారు. రెండు నిమిషాల పని. ఆ కాస్తదానికి మత్తెందుకు అన్నదే డాక్టర్ల వాదన. కొందరికి ఇది నెలసరి నొప్పిని మించదు, నిజమే. ఇంకొందరికి చెమటలు పట్టి, కళ్లు తిరిగి టేబుల్ మీదే సోలిపోయే పరిస్థితి వస్తుంది. ఎవరికి ఎలా ఉంటుందో ముందుగా కచ్చితంగా చెప్పలేం.

‘కన్నదానివి కదా’ అన్న లెక్క మన దగ్గర అసలే పనికిరాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లే, దేశంలోనే ఎక్కువ. రెండు కాన్పులూ ఆపరేషన్‌తోనే అయిన స్త్రీకి ముఖద్వారం ఒక్కసారీ పూర్తిగా తెరుచుకుని ఉండకపోవచ్చు. పైగా మెనోపాజ్ దాటాక అది బిగుసుకుపోతుంది. క్యాన్సర్ అనుమానంతో ఎక్కువగా ఈ ముక్క పరీక్ష (బయాప్సీ) చేసేది ఆ వయసు వాళ్లకే.

అమెరికా గైనకాలజిస్టుల సంఘం ఏకాగ్ 2025 మే నెలలో ఈ విషయంపై కొత్త సూచనలిచ్చింది. ఇలాంటి ప్రొసీజర్లలో రోగి పడే నొప్పిని వైద్యులు తక్కువగా అంచనా వేస్తున్నారని ఒప్పుకుంది. నొప్పి తగ్గించే మార్గాలేమిటో ముందే వివరించి, కావాలన్నవాళ్లకు ఇవ్వాలంది. అంతకుముందు ఏడాదే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, పిల్లలు పుట్టకుండా లూప్ వేసేటప్పుడు లిగ్నోకెయిన్ ఉపయోగపడవచ్చని చెప్పింది.

అలాగని లోకల్ ఇస్తే నొప్పంతా మాయమవుతుందని చెప్పడం అబద్ధమే అవుతుంది. ముఖద్వారం చుట్టూ రెండు మూడు చోట్ల ఇచ్చే పారాసర్వైకల్ బ్లాక్ అనే ఇంజెక్షన్ కింది భాగాన్ని మొద్దుబారుస్తుంది. గర్భసంచి పైభాగానికి వెళ్లే నరాలు వేరు కాబట్టి పిపెల్ అక్కడ తగిలినప్పుడు పట్టేసినట్టు వచ్చే నొప్పి కొంత మిగులుతుంది. దానికి గంట ముందు వేసుకునే ఐబూప్రొఫెన్ లాంటి మాత్ర కొంత పనిచేస్తుంది. సూది గుచ్చడమే నొప్పి, అందుకే స్ప్రే, జెల్ కూడా వాడతారు. కాల్పోస్కోపీలో, అంటే ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో చూసే పరీక్షలో, అక్కడి నుంచి చిన్న ముక్క తీసేటప్పుడైతే ‘గట్టిగా దగ్గమ్మా’ అనడం కూడా ఇంజెక్షన్‌తో సమానంగా పనిచేసిందని తేల్చిన అధ్యయనం ఉంది! లిగ్నోకెయిన్ డోసు మితిమీరితే చెవుల్లో హోరు, నోట్లో లోహపు రుచి వస్తాయి కాబట్టి బరువు చూసి ఇవ్వాలి.

ఖర్చు సాకు నిలవదు. లిగ్నోకెయిన్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నదే, సీసా పదుల రూపాయల్లో వస్తుంది. అసలు ఖరీదు సమయానిది. సూది వేశాక కొన్ని నిమిషాలు ఆగాలి. బయట వరండాలో అరవై మంది కూర్చున్న ఓపీలో ఆ నిమిషాలు ఎవరి దగ్గరా ఉండవు. అందుకే ఇది ఒక్క డాక్టర్ దయాదాక్షిణ్యాలకు వదిలేయాల్సిన విషయం కాదని నా అభిప్రాయం. బయాప్సీలన్నీ వారంలో ఒక పూటకు మార్చి, ఒకరికి సూది వేసి ఆ గ్యాప్‌లో ఇంకొకరి కాగితాలు చూసుకునేలా ఏర్పాటు చేయాల్సింది ఆస్పత్రి.

మనకు దీని అవసరం ఇంకా ఎక్కువ. అదే సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు రెండు శాతం కూడా లేరు. వచ్చిన ఆ కొద్దిమందిలో ఒకామె బయాప్సీ గదిలోంచి ఏడుస్తూ బయటికొస్తే, ఆమె వెంట వచ్చిన తోడికోడలు మళ్లీ ఆ గడప తొక్కుతుందా? మరోవైపు గర్భసంచి తీసేసే ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలది దేశంలో ముందు వరుస. అనవసర ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. నలభై దాటాక అధిక రక్తస్రావమైతే, తీసేయాలా మందులతో నయమవుతుందా తేల్చే పరీక్షల్లో ముఖ్యమైనది ఈ ముక్క పరీక్షే. దానికి భయపడి ‘ఒకేసారి తీసేయండి డాక్టర్’ అనేవాళ్లూ ఉన్నారు.

ఈ లోపు బయాప్సీ రాసిన రోజే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. లోకల్ ఇస్తారా? ముందు ఏ మాత్ర వేసుకోవాలి? తట్టుకోలేక ఆపమంటే ఆపుతారా? ఆపాక ఇంకోరోజు పూర్తి మత్తులో చేసే వీలుందా? ‘ఆపుతాం’ అని టేబుల్ ఎక్కకముందే ఆ డాక్టర్ నోటితో చెప్పించుకోవాలి, పక్కన ఇంట్లోవాళ్లు ఒకరు ఉండగా.