చెవులున్న గోడలకు ఒక విన్నపం

మహారాజశ్రీ గోల్కొండ కోట వారి సముఖమునకు,

గోడలకు చెవులుంటాయని మా పెద్దవాళ్లు హెచ్చరించినప్పుడల్లా వాళ్ల మనసులో మీరే మెదిలి ఉంటారని నాకు చాలాకాలంగా అనుమానం. కొండమీది లోకోట బాలాహిస్సార్‌కు దారితీసే ద్వారం దాటగానే కనిపించే కమాను కింద నిలబడి ఎవరైనా ఒక్క చప్పట కొడితే, అది దాదాపు కిలోమీటరు దూరాన, కొండ కొమ్మునున్న మండపం దాకా స్పష్టంగా వినిపించేలా మిమ్మల్ని కట్టారు. తీగ లేదు, కరెంటు లేదు, నెలనెలా బిల్లు లేదు. వచ్చినవాడు చుట్టమో శత్రువో పైనున్నవారికి ముందే తెలియాలన్నది ఆ ఏర్పాటు. అటువంటి మీ ఒడిలో ఇప్పుడు సాయంత్రం కాగానే కుర్చీలు వేసి, లౌడ్‌స్పీకర్లు నిలబెట్టి, మీ కథను మీకే గొంతెత్తి వినిపిస్తూ, దానికి ధ్వని కాంతి ప్రదర్శన అని పేరు కూడా పెట్టారు. ధ్వని విషయంలో మీకు పాఠం చెప్పేముందు మీ అభిప్రాయం ఎవరైనా కనుక్కున్నారా అని అడగడానికే ఈ లేఖ.

మీ సర్వీసు పుస్తకం సామాన్యమైనది కాదు. కాకతీయుల కాలంలో గొల్లకొండ మీద మట్టికోటగా కొలువులో చేరి, 1363లో ముసునూరి కాపయ నాయకుడు సంధి చేసుకుని అప్పగిస్తే బహమనీల దగ్గరికి బదిలీ అయి, 1518 తర్వాత కుతుబ్‌షాహీల హయాంలో రాతికోటగా పదోన్నతి పొంది, 8 ద్వారాలతో, 87 బురుజులతో నిలదొక్కుకున్నారు. 1591లో మూసీ అవతల హైదరాబాదు కట్టుకుని దర్బారు అటు తరలిపోయినా, ఆపద వచ్చినప్పుడు ప్రభువులు పరుగెత్తుకొచ్చింది మీ దగ్గరికే. ఇంత అనుభవమున్నవారిని విరమణ తర్వాత వేదిక అలంకరణకు వాడుకోవడం మాలో కొత్తేమీ కాదు లెండి. పెద్దమనిషికి శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టి, మైకు మాత్రం ఇంకొకరి చేతికివ్వడం మా సభామర్యాద. మీకు శాలువాకు బదులు ఊదారంగు, ఆకుపచ్చ దీపాలు కప్పుతున్నారు.

అయితే మీ వినికిడి గురించి నాకూ ఒక పాత ఫిర్యాదు ఉంది. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలపాటు మీ చుట్టూ తిష్ఠ వేసింది. ఒక రాత్రి మొఘల్ సైనికులు సద్దు చేయకుండా గోడ ఎక్కుతుంటే, ఊరకుక్క ఒకటి మొరిగి కావలివాళ్లను లేపిందనీ, మీ చివరి ప్రభువు తానీషా సంతోషించి దాని మెడకు బంగారు పట్టెడ కట్టించాడనీ చెబుతారు. ఫిరంగులవల్ల, సొరంగాలవల్ల కాని పని చివరికి లంచంవల్ల అయింది. అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సేనాని లోపలినుంచి ఒక తలుపు తెరిపించాడు. చప్పటను కిలోమీటరు దూరం మోసుకెళ్లగలిగిన మీ రాళ్లు, సొమ్ము చేతులు మారిన చప్పుడును నాలుగడుగులు కూడా మోయలేకపోయాయి. లంచం అప్పుడైనా ఇప్పుడైనా చప్పుడు చేయని సరుకు కనుక అందుకు మిమ్మల్ని నిందించలేను. తానీషాను వీడని సేనాని అబ్దుల్ రజాక్ లారీ, తలుపు తెరుచుకున్న ఆ రాత్రి ఒంటినిండా గాయాలతో పోరాడినా, పేరు నిలిచింది గెలిచినవారికే: వారి ప్రవేశానికి గుర్తుగా ఫతే దర్వాజా, అంటే విజయద్వారం. మిమ్మల్ని ఓడించినవాడి విజయాన్ని మీ నుదుటిమీదే రాస్తే మూడు వందల ఏళ్లకు పైగా కిమ్మనకుండా మోస్తున్నారు చూశారా, ఆ ఓర్పు ఏ ప్రభుత్వోద్యోగికీ రాదు.

ఇక మిమ్మల్ని సాంస్కృతిక వేదికగా తీర్చిదిద్దామని చెప్పుకునేవారికి ఒక చిన్న సవరణ. ఆ ఘనత వారిది కాదు. మీలో చెప్పుకోదగ్గ సంగీతసభ జైలుగదిలో ఏనాడో జరిగిపోయింది. సర్కారు పన్నుల సొమ్ము భద్రాచలం గుడికి ఖర్చుపెట్టాడన్న నేరంమీద కంచర్ల గోపన్నను మీరు పన్నెండేళ్లు బంధించారని లోకంలో మాట. శ్రోతలు లేరు, ప్రాయోజకులు లేరు, జ్యోతి వెలిగించడానికి ముఖ్య అతిథి లేడు. ఎవరికోసం ఆ నగలన్నీ చేయించాడో ఆ రాముడికే లెక్క అప్పజెప్పి, ఎదురు నిలదీసి పాడాడాయన. ఆడిటు అభ్యంతరానికి రాగం కట్టి జవాబు చెప్పిన తహసీల్దారు తెలుగు దేశంలో మరొకడు పుట్టలేదు. ఆ పాటలు ఏ స్పీకరు సాయమూ లేకుండా ఊరూరి రామాలయానికీ చేరాయి. మొన్న నేను విన్న ప్రదర్శనలోని గుర్రపు డెక్కల చప్పుడు మాత్రం వాహనాలు నిలిపే చోటు దాకా నా వెంట వచ్చి ఆగిపోయింది.

నేను వేడుకలకు విరోధిని కాను. ఆషాఢంలో జగదాంబిక అమ్మవారికి తొలి బోనం మీ కొండమీదే ఎత్తుతారు. ఆ డప్పుకు మీ రాళ్లు బదులు పలుకుతాయి, అది మీ ఇంటి పండుగ. 2014 నుంచి ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వం మీ దగ్గర జెండా ఎగరేస్తోంది. సిపాయిల కవాతు మీకు అలవాటే. మీకు తర్వాత జోడించిన నయాఖిలా భాగంలో గోల్ఫ్ ఆట కూడా సాగుతోందంటే మాత్రం కాస్త నవ్వు వచ్చింది. శత్రువు చొరబడే కంత కోసం ఒకప్పుడు సైన్యాలు వెతికిన చోట ఇప్పుడు తెల్లబంతి గుంత కోసం వెతుకుతోంది. ఏనుగులు కుమ్మకుండా తలుపులకు దిగగొట్టిన ఇనుప ములుకుల పక్కన జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఏనుగును ఆపిన ములుకు మేకును పట్టుకుని గోడమీద ప్రేయసి పేరు చెక్కే కుర్రవాణ్ని ఆపలేకపోయింది.

నా విన్నపం చిన్నది. ప్రదర్శనకు ముందు ఐదంటే ఐదు నిమిషాలు యంత్రాలన్నీ ఆపించి, కింద ఒకరిని, పైన కొందరిని నిలబెట్టి, ఒక్క చప్పట వినిపించే ఏర్పాటు చేయించండి. దానికి వేరే టిక్కెట్టు పెట్టినా కొనుక్కుంటాం. ప్రస్తుతానికి జరుగుతున్నది వేరు. దీపాలు ఆరిపోగానే మేమందరం మర్యాదకు చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లలో కొన్నయినా పాత అలవాటు కొద్దీ మెట్లెక్కి, మసీదు దాటి, బాలాహిస్సార్ చేరి, శత్రువులు వందల సంఖ్యలో లోపలికి వచ్చేశారని కబురు చెబుతుంటాయేమో. ఆ వేళకు పైన వినేవాడు ఎవడూ ఉండడు.

ఇట్లు,
టిక్కెట్టు కొని లోపలికి వచ్చిన ఒక శత్రువు

తా.క.: బయటికి వస్తుంటే ద్వారం దగ్గర రెండు కుక్కలు పడుకుని ఉన్నాయి. స్పీకర్ల మోతకు అవి చెవి కూడా కదపడం లేదు. మెడల్లో పట్టెడలు లేవు.