ముందు గేర్‌బాక్సు దించండి, రోగం తర్వాత చూద్దాం

కారు గేర్‌బాక్సు జారుతోందో లేదో తేల్చడానికి తయారీదారులు డ్యాష్‌బోర్డు మీద రెండు ముళ్లు పెట్టారు. ఒకటి ఇంజిను తిరిగే వేగం చెబుతుంది, రెండోది బండి పోయే వేగం. గేరు మారకుండానే మొదటి ముల్లు ఎగబాకి, రెండోది ఉన్నచోటే కూర్చుంటే మధ్యలో ఎక్కడో పట్టు తప్పుతోందన్నమాట. ఇంత పచ్చి నిజాన్ని యజమాని కళ్లెదుటే బిగించడం మర్యాద కాదని నా అభిప్రాయం. అదృష్టవశాత్తూ ఆ ముళ్ల వంక ఎవరూ చూడరు. చూసినవారు పెట్రోలు బాగోలేదంటారు, ఏసీ వేశాం కదా అంటారు. ఇంజిను గోల మరీ ఎక్కువైతే పాటల శబ్దం పెంచుతారు. రోగ నిర్ధారణలో ఇది మొదటి మెట్టు. చాలామంది నెలల తరబడి దీని మీదే నిలబడి ఉంటారు.

రెండో మెట్టు మెకానిక్. బానెట్ తెరవకముందే, ఒక్కోసారి యజమాని కారు దిగకముందే ఆయన తీర్పు చెప్పేస్తాడు: ‘గేర్‌బాక్సు దించాలి.’ ఎంత నిండైన మాట! దీనికి అప్పీలు లేదు. కానీ ‘ముందు గేర్‌బాక్సు ఆయిలు చూడండి’ అని నసిగేవాళ్లు అక్కడక్కడా కనిపిస్తుంటారు. వీరిని ప్రోత్సహించకూడదు.

ఎందుకంటే ఆయిలు చూడటం సిగ్గుపడేంత సులువు. డిప్‌స్టిక్ ఉన్న ఆటోమేటిక్ కారైతే, ఇంజిను వేడెక్కాక, చదునైన నేల మీద, గేరు పార్క్‌లో ఉంచి ఆ కడ్డీని తీసి తుడిచి మళ్లీ ముంచి చూడాలి. చాలా మోడళ్లలో ఇంజిను నడుస్తుండగానే చూడాలి, కొన్నింటిలో ఆపి చూడాలి. ఏది ఎలాగో యజమానికిచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం కవరు కూడా చిరగకుండా గ్లవ్ బాక్సులో భద్రంగా ఉంటుంది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేస్తే, మంచి ఆయిలు సాధారణంగా ఎర్రగా, తేటగా పాకుతుంది. ముదురు గోధుమ రంగుకు తిరిగి, మాడు వాసన కొడుతూ, వేళ్ల మధ్య రుద్దినప్పుడు నల్లటి నలుసులు కనిపిస్తే లోపలి క్లచ్ ప్లేట్ల పూత అరిగి అందులో కలుస్తోందని అర్థం. రంగు బాగానే ఉండి మట్టం మాత్రం పడిపోయిందనుకోండి, అది మరీ ప్రమాదకరం. ఆటోమేటిక్‌లో క్లచ్‌లను బిగించి పట్టుకునేది ఆ ఆయిలు ఒత్తిడే. పంపు ఆయిలుకు బదులు గాలి మింగితే పట్టు సడలుతుంది. అంటే కారుతున్న సీలు మార్చి, తగ్గిన ఆయిలు నింపితే తీరిపోయే జారుళ్లూ ఉన్నాయన్నమాట! ఈ సంగతి బయటికి పొక్కితే దించుడు సంప్రదాయం ఏమైపోవాలి? కొత్త మోడళ్లలో చాలావాటికి డిప్‌స్టిక్కే లేకుండా చేసిన మహానుభావులకు చేతులెత్తి మొక్కాలి.

మాన్యువల్ కార్లలో గేర్లు పళ్లతో కరుచుకుని ఉంటాయి కాబట్టి అక్కడ జారేది దాదాపు ఎప్పుడూ క్లచ్చే. ఖాళీ రోడ్డు మీద పై గేరులో తాపీగా పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిను అరిచి, బండి మాత్రం తన నడకలో తానుంటే నేరం రుజువైనట్టే. నేరస్థుడు ఎవరంటే, ఎక్కువ కేసుల్లో డ్రైవరు ఎడమ కాలు. అవసరం ఉన్నా లేకపోయినా అది క్లచ్ పెడల్ మీదే విశ్రాంతి తీసుకుంటుంది. ఎత్తు మీద హ్యాండ్‌బ్రేకు అనే వస్తువును అవమానించి, హాఫ్ క్లచ్‌లో బండిని గాలిలో దీపంలా నిలబెడుతుంది. ప్లేటు కాలిన వాసన వచ్చాక ‘కంపెనీ నాసిరకం సరుకు వేసింది’ అని వాంగ్మూలం ఇచ్చేది మాత్రం నోరు. ఒక్కోసారి కాలు నిర్దోషి కావచ్చు. క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలు కారి ప్లేటుకు ఆయిలు అంటినా, కేబులు ఆట లేకుండా బిగిసిపోయినా క్లచ్ జారుతుంది. కేబులు సర్దడానికి పెద్దగా సమయం పట్టదు. అందుకే దాని జోలికి ఎవరూ వెళ్లరు.

1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రా-మాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు వచ్చి ఎడమ కాలికి పని తప్పించింది. అప్పటినుంచి నింద మోపడానికి మనిషి దొరకడం లేదు. ఆ లోటు తీర్చడానికే కారు కంప్యూటరులోని లోపాల కోడ్లు చదివే స్కానరు పుట్టింది. పీ0730 అనే కోడు అది చూపగానే గ్యారేజీ అంతా నిశ్శబ్దమైపోతుంది. గేరు నిష్పత్తి లెక్క కుదరడం లేదని మాత్రమే దాని అర్థం. పక్కింట్లో గొడవైందని చెప్పగలిగినవాడు ఎవరు మొదలుపెట్టారో చెప్పలేడు, ఇదీ అంతే. ఆయిలు తగ్గిందో, వాల్వు ఇరుక్కుందో, ఆయిలు దారిని కరెంటుతో తెరిచి మూసే సోలినాయిడ్ మొరాయించిందో, ప్లేట్లు నిజంగానే అరిగాయో ఆ అంకెలో ఉండదు. ఒత్తిడి కొలిచే గేజు తగిలించడానికి చాలా గేర్‌బాక్సుల మీద ఒక చిన్న ప్లగ్గు ఉంటుంది. అది అలంకారానికి పెట్టారని వృత్తిలో ఏకాభిప్రాయం. ఇక సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా నిష్పత్తి మారుతూ పోయే గేర్‌బాక్సు) ఉన్న కార్లు పాపం నిక్షేపంగా ఉన్నప్పుడు కూడా ముందు ఇంజిను మోగి, వేగం వెనకాల వస్తుంది. అది వాటి నైజం. వాటినీ దించినవాళ్లున్నారు.

దించుతారు, విప్పుతారు, ప్లేట్లన్నీ మారుస్తారు, మళ్లీ ఎక్కిస్తారు. మొదటి ఎత్తు రాగానే ముల్లు యథాప్రకారం ఎగబాకుతుంది. అప్పుడు ఎవరో కుర్రవాడు కిందికి దూరి, సోలినాయిడ్‌కు వెళ్లే వైరు కనెక్టరును పీకి చూస్తాడు. లోపలంతా తుప్పు. శుభ్రం చేసి గుచ్చగానే బండి బుద్ధిగా లాగుతుంది. దానికి బిల్లు వేరు.