టరాంటులా మచ్చిక కాదు, నల్లమల నుంచి తేవద్దు

"కుక్కకంటే టరాంటులా నయం. పని లేదు, ఖర్చు లేదు. రోజూ చేతిమీద పెట్టుకుంటే మచ్చికవుతుంది. విషం ఏమీ చేయదు. మన గుత్తి నీలి సాలీడును అడవి నుంచి తెచ్చి పెంచితే ఆ జాతిని కాపాడినట్టే." టరాంటులా అనే పెద్ద నూగు సాలీడు గురించి ఈ మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. కొంత నిజం కలిసి ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు.

ఖర్చు మాట నిజమే. గాలి ఆడే పెట్టె, కొబ్బరి పొట్టు, నీళ్ల మూకుడు, వారానికో కీచురాయి చాలు. కానీ మెక్సికన్ రెడ్‌నీ అనే టరాంటులా జాతిలో ఆడది 20 ఏళ్లు దాటి బతకగలదు. ఇంటర్ చదివే పిల్లాడు ముచ్చటపడి కొంటే, ఆ తర్వాత అన్నేళ్లు దాన్ని చూసేదెవరు?

మచ్చికవుతుందన్నది పూర్తిగా తప్పు. సాలీడు మనిషిని గుర్తుపట్టి దగ్గరవ్వదు. చేతిమీద కదలకుండా ఉందంటే మనమీద ప్రేమతో కాదు. దాని పొట్ట చర్మం చాలా పలచన. నిలబడ్డ మనిషి చేతిలోంచి జారి నేలమీద పడితే పొట్ట పగిలి చచ్చిపోవచ్చు. అమెరికా ఖండాల జాతులు చాలావరకు బెదిరితే వెనక కాళ్లతో పొట్టమీది నూగు రాలుస్తాయి. ఒంటిమీద పడితే దురద. కంట్లో గుచ్చుకుంటే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే. పెట్టె తెరిచినప్పుడు ఎప్పుడూ ముఖం దగ్గరగా పెట్టకండి.

విషం సంగతి. టరాంటులా కాటుతో మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయిన కేసు లేదు. అలాగని ఏమీ చేయదనడం అన్యాయం. గుత్తి సాలీడు పోసిలోథీరియా అనే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) చెందిన టరాంటులా. వీటికి రాల్చే నూగు లేదు, మెరుపులా పారిపోతాయి, దారి లేకపోతే కరుస్తాయి. ఆ కాటుకు కండరాలు గట్టిగా పట్టేస్తాయి. కొందరికి ఆ నొప్పులు రోజుల తర్వాత మళ్లీ తిరగబెట్టాయి.

"పని లేదు" అన్న మాట వల్లే ఎన్నో సాలీళ్లు అనవసరంగా చస్తున్నాయి. కుబుసం విడిచే ముందు సాలీడు తిండి మానేస్తుంది. పట్టుదారంతో చాపలాంటిది అల్లి, దానిమీద వెల్లకిలా పడుకుంటుంది. కొత్తవాళ్లు చచ్చిందనుకుని చెత్తలో పారేస్తారు. చచ్చిన సాలీడు సాధారణంగా కాళ్లు కిందికి ముడుచుకుని ఉంటుంది, ఇలా వెల్లకిలా పడుకోదు. కుబుసం విడిచే సాలీడు గంటల తరబడి కష్టపడి ఒక్కొక్క కాలూ పాత తొడుగులోంచి లాక్కుంటుంది. బయటికొచ్చాక కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి నల్లబడి గట్టిపడేదాకా తిండి పెట్టకూడదు. పెట్టెలో కీచురాయి మిగిలి ఉంటే అదే ఈ సాలీడును కొరికి చంపేయగలదు. ఆ రోజుల్లో తాకకపోవడం, కదపకపోవడం, నీళ్లు ఉంచడం, ఇదంతా పనే.

ఇక కాపాడటం. ఈ నీలి సాలీడు 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాతో లోకానికి తెలిసింది. కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని అంచనా. మళ్లీ 2001లో గానీ కనబడలేదు, అదీ అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2008లో దీన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. పాత చెట్ల తొర్రలే దాని ఇల్లు, అవి నరికితే దానికి చోటు లేదు. ఉన్న చిన్న అడవిలోంచి ఒక్కో సాలీడును పట్టుకొస్తూ కాపాడుతున్నామనడం నాకు కోపం తెప్పిస్తోంది. విదేశాల్లో పెట్టెల్లో పుట్టిన వేల పిల్లలు ఆ తొర్రల్లో ఒక్కదాన్నీ నింపడం లేదు. అనుమతి లేకుండా రిజర్వు అడవి నుంచి జీవిని తేవడం నేరం. పైగా 2019 నుంచి పోసిలోథీరియా ప్రజాతి అంతా, అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో ఉంది, అంటే దేశం దాటించాలంటే అనుమతి పత్రాలు ఉండాలి.

ఇప్పటికే విదేశీ జాతిని పెంచుతున్నవాళ్లు అటవీ శాఖ దగ్గర నమోదు అవసరమా అన్నది కనుక్కోండి. పెంచడం విసుగొస్తే ఇంకో పెంపకందారుకు ఇవ్వండి, తోటలో మాత్రం వదలొద్దు.