లేత్ మిషన్ విశ్వరూప సందర్శనం

ఇనుప కడ్డీని లేత్ మీద ఎక్కించి చెక్కడం ఎవరైనా చెయ్యగలరు. ఏమీ చెక్కకుండా, ఆ మిషన్‌నే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే బొమ్మలో లోకానికి చూపించడం అసలైన విద్య. ఈ విద్యకు ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ పద్మ అవార్డు ప్రకటించకపోవడం విచారకరం.

ఇంగ్లండు పెరటి షెడ్లనే తీసుకోండి. నాటింగ్‌హామ్ దగ్గర బీస్టన్‌లో తయారైన మైఫర్డ్ ఎంఎల్7 అక్కడి హాబీ లేత్‌వాలాలకు ఇలవేల్పు. కడ్డీని రెండు కొసలా పట్టే మొనల (సెంటర్ల) మధ్య మామూలుగా 20 అంగుళాలు. మరీ పెద్దదేం కాదు గానీ షెడ్డు ఇరుకు. ఫొటో కోసం ఒక్క అడుగు వెనక్కి వేస్తే డ్రిల్లింగ్ మిషన్ వీపున గుచ్చుకుంటుంది. వైడ్ లెన్సు పెడితే, కడ్డీని బిగించి తిప్పే చక్ గుమ్మడికాయలా ఉబ్బుతుంది. తలుపు తీసి పచ్చికలోకి నడిచి, అక్కడి నుంచి తియ్యొచ్చు కదా అని అడక్కండి. అది మరీ తేలిక.

కాబట్టి ముక్కలుగా తీసి, ప్రతి ఫొటోలోనూ పక్కదాని అంచు కాస్త కలిసేలా చూసుకుని, హుగిన్‌కి అప్పజెబుతారు. 1998లో హెల్ముట్ డెర్ష్ మొదలుపెట్టిన పనోరమా టూల్స్ పునాది మీద కట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. రెండు ఫొటోల్లో ఒకేలా కనిపించే గుర్తులు వెతికి అతికిస్తుంది. కొండల దగ్గర దీనికి తిరుగులేదు. మైలు దూరాన ఉన్న కొండ, కెమెరా నాలుగంగుళాలు జరిగినా పట్టించుకోదు. మూరెడు దూరంలో ఉన్న లేత్ పట్టించుకుంటుంది. కెమెరాని లెన్సులోకి వెలుగు దూరే చోటు దగ్గర తిప్పాలి. ట్రైపాడ్ స్క్రూ మీద తిప్పితే ముందున్న హ్యాండ్‌వీల్ ఒకటికి రెండవుతుంది, మూడు దవడల (త్రీ-జా) చక్‌కి నాలుగో దవడ మొలుస్తుంది. ఎక్స్‌పోజర్ ఆటోలో వదిలేస్తే అతుకు దగ్గర పగలూ రాత్రీ పక్కపక్కనే కాపురముంటాయి.

అన్నిటికన్నా గొప్ప ఘట్టం లీడ్ స్క్రూ, అంటే చెక్కే పనిముట్టును లేత్ పొడవునా జరిపే మరల కడ్డీ. అంగుళానికి 8 థ్రెడ్లు, అన్నీ కవలలే. ఏది ఏదో సాఫ్ట్‌వేర్‌కి అంతుచిక్కదు. ఒకటి దాటేసి పక్కదానికి అతికించిందంటే లేత్ అక్కడ 3.175 మిల్లీమీటర్లు పొట్టిదైపోతుంది. యజమాని ఎవరనుకున్నారు? అంగుళంలో వెయ్యోవంతు తేడా వస్తే డయల్ గేజ్ పట్టుకుని తెల్లార్లూ కూర్చునే మనిషి. అలాంటివాడు ఈ బొమ్మ చూసి, "అతుకు కనపడట్లేదు, చాలా బాగా వచ్చింది" అంటాడు.

మన విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద బతికేవాళ్ళకు ఈ ఆనందం దక్కలేదు, పాపం. వాళ్ళ మిషన్ మీద ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది.

పట్టుదల ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆగరు. తప్పుడు గుర్తుల్ని ఒక్కొక్కటే చేత్తో తీసేస్తారు. అదీ చాలకపోతే, కెమెరాని సరైన బిందువు మీద తిప్పే బ్రాకెట్ కావాలంటారు. బజార్లో దొరుకుతుంది. ఇంట్లో లేత్ పెట్టుకుని బ్రాకెట్ కొనుక్కున్నాడని నలుగురికీ తెలిస్తే పరువేం కాను? అందుకని మొదటిసారి ఆ మిషన్‌కి పని పడుతుంది. అల్యూమినియం దిమ్మె వస్తుంది, రజను రాలుతుంది, బ్రాకెట్ తళతళా మెరుస్తూ బయటికొస్తుంది. దాన్నీ ఫొటో తియ్యాలి కదా. తీస్తే ఒక్క ఫ్రేములోనే మొత్తం పట్టేసింది. ఆయన దిగులంతా ఇప్పుడు దాని గురించే.