వినియోగదారుడు సిలబస్‌లో లేడు

మొన్న మా డిపార్ట్‌మెంట్ మీటింగులో కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్ లేచి ఒక మాటన్నాడు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ చదివే పిల్లల్ని ఒక వారంపాటు మీసేవా కేంద్రాలకీ రేషన్ షాపులకీ పంపుదామట. జనం ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూసి రాసుకొస్తారట. రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్ నేర్పడమంటే అదేనట. హెచ్‌ఓడీ గారు టీ కప్పు కింద పెట్టేశారు. నేను ఈ సబ్జెక్టు 22 ఏళ్లుగా చెబుతున్నాను. మొక్కై వంగనిది మానై వంగుతుందా? అందుకే ఈ నాలుగు ముక్కలూ ఇప్పుడే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు పద్ధతి చెబుతాను. బిల్లు కట్టడమో, టికెట్ తీసుకోవడమో, పింఛను అందుకోవడమో, ఏ సేవనైనా కంప్యూటరెక్కించే ముందు వాడేవాళ్లకి ఏం కావాలో తెలుసుకుని రాసుకోవాలి. ఇదీ రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్ నిర్వచనం, 2 మార్కులు. తెలుసుకోవడాన్ని ఎలిసిటేషన్ అంటారు. దానికింద ఇంటర్వ్యూలు, ప్రశ్నావళి, పరిశీలన అని పాయింట్లు వేస్తే 5 మార్కులు. ఇంటర్వ్యూ అని రాయాలి గానీ చేయాలని ఏ ప్రశ్నపత్రంలోనూ అడగలేదు. తర్వాత యూజ్ కేస్ బొమ్మ, అంటే ఎవరు దేనికి వాడతారో చూపేది. వాడేవాణ్ణి యాక్టర్ అంటాం. తలకి సున్నా, ఒంటికి ఒక నిలువు గీత, చేతులకి ఒక అడ్డగీత, కాళ్లకి రెండు గీతలు. ఒకడు ఉత్సాహం కొద్దీ వేళ్లు కూడా గీశాడు. కొట్టేశాను.

ఇక ఎస్‌ఆర్‌ఎస్. అవసరాలన్నీ వరసగా రాసే పత్రం. మా ల్యాబ్‌లో దానికి ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంఘం ఇచ్చిన 830 నమూనా వాడతాం, 1998 నాటిది. 2011లోనే దాని స్థానంలో 29148 అనే కొత్త ప్రమాణం వచ్చిందనీ, 2018లో దాన్ని కూడా సవరించారనీ మా కుర్రాయన చెప్పాడు. వచ్చి ఉండొచ్చు. గేటు ముందు జిరాక్స్ షాపులో మాత్రం 830యే దొరుకుతోంది. అందులో రెండు వాక్యాలు ఏ రికార్డులోనైనా ఉండి తీరాలి: 'సిస్టమ్ యూజర్ ఫ్రెండ్లీగా ఉండవలెను', 'రెస్పాన్స్ టైమ్ 2 సెకన్లు మించరాదు'. ఏ యూజరు అని నేనడగను, వాళ్లు చెప్పరు. ఆ 2 సెకన్లు సీనియర్ల రికార్డులోంచి వచ్చాయి. వాళ్లకి వాళ్ల సీనియర్ల నుంచి. వేదాలు మాత్రం ఎలా నిలిచాయి?

పోయినేడాది సంగతి చెప్పాలి. మా కేస్ స్టడీ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ల్యాబ్ మూడో అంతస్తులో, లైబ్రరీ సరిగ్గా దాని కింద. ఏటా 60 మంది ఆ లైబ్రరీకి సాఫ్ట్‌వేర్ చేస్తారు. లైబ్రేరియన్ మేడమ్ మాత్రం ఏటా కొత్త లాంగ్ రిజిస్టరు కొని, స్కేలు పెట్టి గీతలు కొట్టుకుంటారు. ఒకదానికొకటి ఎక్కడా అడ్డు రాలేదు. అలాంటిది పోయినేడాది ఒక అమ్మాయి మెట్లు దిగి వెళ్లి మేడమ్‌నే అడిగేసింది.

"ఏ పుస్తకం ఎక్కడుందో నాకు తెలుసమ్మా, దానికి కంప్యూటరెందుకు? హాల్‌టికెట్లు ఇచ్చే రోజున నో డ్యూస్ సంతకం కోసం నాలుగొందల మంది ఒక్కసారే మీద పడతారు. ఆ ఒక్క రోజుకి ఏమన్నా చేయగలవా?" అన్నారట ఆవిడ.

పిల్ల ఎస్‌ఆర్‌ఎస్ అంతా ఆ రోజు చుట్టూనే తిప్పింది. క్యూ ఎక్కడిదాకా వస్తుంది, ఫైన్‌కి చిల్లర లేక ఎవరు వెనక్కి పోతారు, మేడమ్ భోజనానికి లేస్తే ఏమవుతుంది, అన్నీ రాసింది. వైవాలో అడిగాను.

"సెర్చ్ బుక్ ఏదమ్మా?"

"మేడమ్ అక్కర్లేదన్నారు సార్."

"మేడమ్‌ని ఎవరడగమన్నారు?"

తల దించుకుంది. మార్కులు తగ్గించక తప్పలేదు. మిగతా 59 మందికీ సమానంగా వేశాను. ఒకే రికార్డుకి రకరకాల మార్కులు వేయడం నా మనస్సాక్షి ఒప్పుకోదు.

కుర్రాయన అంతటితో వదల్లేదు, విదేశాలు తెచ్చాడు. 1992 అక్టోబరు 26న లండన్‌లో అంబులెన్సులు పంపే పని కంప్యూటరుకి అప్పగించారు. ఏ బండి ఎక్కడుందో పక్కాగా తెలిస్తే తప్ప ఆ సిస్టమ్ నడవదు. ఆ కబురేమో బండ్ల నుంచి సరిగా అందలేదు. ఒకే చోటికి రెండేసి బండ్లు వెళ్లాయి, కొన్ని కాల్స్ గల్లంతయ్యాయి. నవంబరు 4న అది పూర్తిగా పడిపోతే మళ్లీ కాగితం పట్టుకున్నారు. బండ్లెక్కే సిబ్బందిని తయారీలో సరిగా కలుపుకోలేదని విచారణలో తేలింది. నేననేది ఒక్కటే: సిబ్బంది రోడ్ల మీద తిరగడం మానేసి ఎస్‌ఆర్‌ఎస్‌లో రాసిన చోటే నిలబడి ఉంటే ఏ గొడవా లేదు. అమెరికాలో 2013 అక్టోబరు 1న ఆరోగ్య బీమా వెబ్‌సైట్ తెరిస్తే మొదటిరోజు బీమాలో చేరగలిగింది ఆరుగురేనని ఇంకో ఉదాహరణ. ఆరుగురికి పనిచేసిందంటే పనిచేసినట్టే కదా! మా ల్యాబ్‌లో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు ఒక్కసారి రన్ అయితే చాలు.

ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గడుల గురించి కూడా ఏదో అన్నాడు. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్లు అమెరికా వెళ్లేసరికి ఎవరి పేరేదో వాళ్లకే తెలియకుండా పోతోందట. ఫారం మారాలంటాడు. నాకు మాత్రం పేర్లు మార్చుకోవడమే సులువనిపిస్తుంది.

ఇంతలో నవంబరు వచ్చింది. మా అమ్మకి ఫ్యామిలీ పింఛను. బతికే ఉన్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి కాబట్టి దగ్గర్లోని ఒక సెంటరుకి తీసుకెళ్లాను. అమ్మ కుడి బొటనవేలు పెట్టింది, ఎర్ర లైటు. చూపుడువేలు, ఎర్ర లైటు. అరవై ఏళ్లు అంట్లు తోమి, చింతపండు పిసికిన వేళ్లు, గీతలేం మిగులుతాయి? "ఒకసారి తలకి రుద్దుకుని పెట్టండి మామ్మగారూ, ఆ జిడ్డుకి పడుతుంది" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. కొబ్బరినూనె తల మీద పది వేళ్లూ రుద్దుకుని, చిన్నపిల్లలా ఒక్కొక్కటీ పెడుతూ పోయింది అమ్మ. వెనక క్యూలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

"అయితే నేను లేనట్టా నాయనా?"

"ఉన్నారు మామ్మగారూ. సిస్టమే తీసుకోవట్లేదు. రేపు పొద్దున్నే రండి."

ఆటోలో కూర్చున్నాక అమ్మ చీరకొంగుతో వేళ్లు తుడుచుకుంటూ ఉండిపోయింది. నేను మాత్రం అక్కడ ఉన్నంతసేపూ వాచీ చూస్తూనే ఉన్నాను. పది వేళ్లకి పదిసార్లూ, మ్యాచ్ కాలేదని జవాబు 2 సెకన్లలోపే వచ్చింది.