ఎర్ర సిలిండర్ గారికి విన్నపం

మహారాజశ్రీ హైడ్రోజన్ సిలిండర్ గారి దివ్య సముఖానికి,

శనివారం సాయంత్రం మా ల్యాబులో మీ ఒత్తిడి చూపే గేజి మీద 140 బార్లు. సోమవారం పొద్దున 130. మెషీన్ ఆపేశాను గానీ మెయిన్ వాల్వ్ కట్టడం మరిచాను, తప్పు నాదే. గడియ పెట్టలేదని ఇంట్లో సామాను తనంతట తాను నడిచిపోతుందా అండీ?

మా వంటగ్యాస్ చాలా నయం. అందులో కలిపే మెర్కాప్టన్ కంపు ముందే వచ్చి కబురు చెప్తుంది. తమరికి వాసన లేదు, రంగు లేదు, అంటుకుంటే పగటిపూట మంట కూడా సరిగ్గా కనపడదు. గాలిలో 4 శాతం ఉంటే చాలు, 75 శాతం దాకా అంటుకోవడానికి సిద్ధం. నా పాలిస్టర్ చొక్కా చిటపట కూడా మీకు ఎక్కువే.

అందుకే నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదున్నర దాకా, మగ్గులో సబ్బునీళ్లు, పాత పెయింటు బ్రష్షు పట్టుకుని మీ మెడకు అభిషేకం చేశాను. రెగ్యులేటర్ నట్టు కింద ఒక బుడగ లేచింది. అది పగిలేలోపే ఇంకోటి. దొరికావు దొంగా అనుకున్నా. వాల్వ్ కట్టి, స్పానర్‌తో కుడికి బిగించి, మళ్లీ తెరిచాను. ఈసారి నురగ. కట్టేసి ఇంకా గట్టిగా కుడికి. తెరిస్తే బుస్సుమన్నావు!

వెనక నుంచి ఎమ్మెస్సీ పిల్ల మెల్లిగా, "సార్, దీనికి లెఫ్ట్ థ్రెడ్ కదా" అంది. అంటే ఎడమకు తిప్పితేనే బిగుస్తుందట. నట్టు మూలల మీద గాట్లు పెట్టింది కూడా ఆ సంగతి చెప్పడానికేనట. ఇన్నాళ్లూ రెగ్యులేటర్ బిగించింది డీలర్ కుర్రాడు, నాకేం తెలుసు? (రీఫిల్ "రేపు పొద్దున్నే" అనే ఆ డీలర్‌కు వేరే లేఖ ఉంది.)

అసలు నీ కడుపులో ఉన్నదెంత? నిండుగా ఉన్నా అరకిలో చిల్లర! దానికి యాభై కిలోల పైచిలుకు ఉక్కు చొక్కా, నడుముకు గొలుసు, నెత్తిన టోపీ, పక్కన ఆక్సిజన్ సిలిండర్ నిలబడకూడదని మడి. అంత చేస్తే, గట్టి ఉక్కు దొరికితే లోపలికి దూరి దాన్నే పెళుసు చేస్తావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. 2030 కల్లా ఏటా 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ (ఎండ, గాలి కరెంటుతో నీళ్ల నుంచి తీసేది) తయారు చేయాలని దేశం 2023లో లక్ష్యం పెట్టుకుందట. ఇక్కడ అరకిలోకే నా మధ్యాహ్నం హారతి కర్పూరం.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. గాలి కంటే 14 రెట్లు తేలిక, పారిపోయినా నేల మీద పాకవు, దారి ఉంటే పైకే పోతావు. ఆ దారినేమో పావురాలొస్తాయని మా అటెండర్ మూసి పెట్టాడు. ఇవాళ నేనే స్టూలెక్కి వెంటిలేటర్ తెరిచాను. పావురాలు వస్తే రానీ.

ఇట్లు,
కుడికి బిగించినవాడు